పిల్లలమీద కాసే పందెం

(దమ్మపేటలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

 

ఎవరి జ్ఞాపకంగా ఈ సభ జరుగుతోందో ఆయనకూ ఒక పేరుంది. అయితే ఈ మండలంలో ఆయన్ని ఆ పేరుతో పిలిచినవాళ్లు నాకు తారసపడలేదు. అందరికీ ఆయన డ్రిల్లు మాస్టారు. నేనూ మాస్టారనే అంటాను. ఆటల్లో పిల్లల ప్రతిభను ఎట్లా గుర్తించాలి అనే విషయం మీద మాట్లాడమని కమిటీవారు అడిగారు. మాస్టారు బతికినంతకాలం చేసిన పని అదే కనుక సంతోషంగా ఒప్పుకున్నాను.

మన పల్లెల్లో పెద్దగా ఆడని ఆటతో మొదలుపెడతాను. అది అమెరికాలోని వృత్తి బాస్కెట్‌బాల్. కుర్రాళ్లను తూచి, కొలిచి, ఎంచే పనిని లోకమంతా చూస్తుండగా, లెక్కలేనంత డబ్బు పెట్టి, ఏటా చేసేది వాళ్లు. ఎక్కడ గురి తప్పిందో కొన్నేళ్లకు అందరికీ తెలిసిపోతుంది. అందుకే వాళ్ల అనుభవం మనకు పనికొస్తుంది.

అక్కడి లీగ్ పేరు ఎన్‌బీఏ. ముప్పై జట్లు. ఏటా ఒకసారి ఆ జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను తీసుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. మన ఐపీఎల్‌లో మాదిరి వేలం పాట ఉండదు. బాగా ఓడిపోయిన జట్లకు లాటరీ తీసి ముందు వంతులు ఇస్తారు. అంతకుముందే కుర్రాళ్లను పిలిపించి ఎత్తు కొలుస్తారు. చేతులు బార చాపించి ఈ కొస నుంచి ఆ కొస దాకా కొలుస్తారు. నిలబడి ఎంత ఎగురుతాడో, పరిగెత్తుకొచ్చి ఎంత ఎగురుతాడో రాసుకుంటారు. డాక్టర్లు మోకాళ్లు చూస్తారు. జట్ల పెద్దలు ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలు వేస్తారు. ఇది కాక ప్రతి జట్టుకూ ఏడాది పొడవునా ఊళ్లు తిరిగే పరిశీలకులుంటారు.

ఇంత చేసీ 1984లో పోర్ట్‌లాండ్ జట్టు రెండో వంతులో శామ్ బోవీ అనే పొడవాటి కుర్రాణ్ణి తీసుకుంది. మూడో వంతులో షికాగోకు మైకేల్ జోర్డాన్ దొరికాడు. షికాగోకు ఆరు టైటిళ్లు గెలిచిపెట్టింది ఆయనే. పోర్ట్‌లాండ్‌వాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కారు. జోర్డాన్ ఆడే స్థానంలో వాళ్లకు అప్పటికే క్లైడ్ డ్రెక్స్‌లర్ అనే మంచి ఆటగాడున్నాడు, పొడగరి లేని లోటు ఉంది. లోటు పూడ్చుకుందామని చూశారు. కాలేజీలో ఉండగానే బోవీకి కాలి ఎముక విరిగి రెండు సీజన్లు పోయాయన్న సంగతి వాళ్లకు తెలుసు. తెలిసే తీసుకున్నారు.

అదే పోర్ట్‌లాండ్‌కు 2007లో ఏకంగా మొదటి వంతు వచ్చింది. గ్రెగ్ ఓడెన్‌ను తీసుకున్నారు. ఏడడుగుల మనిషి, కొలతలన్నీ అతని పక్షానే. రెండో వంతులో సియాటిల్‌కు కెవిన్ డ్యూరంట్ వెళ్లాడు. ఆ ఏడాది పరీక్షల్లో బెంచిమీద వెల్లకిలా పడుకుని 84 కిలోల బరువు ఎత్తమంటే డ్యూరంట్ ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు. ఎండిన పుల్లలా ఉన్నాడని నవ్వినవాళ్లున్నారు. ఓడెన్ మోకాళ్లు దెబ్బతిన్నాయి. ఎన్‌బీఏలో అతను మొత్తం 105 మ్యాచ్‌లే ఆడగలిగాడు. డ్యూరంట్ 2014లో లీగ్ మొత్తానికి అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

ఇంకో సంగతి చెప్పాలి. 2001లో వాషింగ్టన్ జట్టు మొదటి వంతులో క్వామే బ్రౌన్ అనే కుర్రాణ్ణి తీసుకుంది. అప్పుడే హైస్కూలు చదువు ముగించిన పిల్లవాడు. ఎంచింది ఎవరో కాదు, ఆ జట్టు వ్యవహారాలు చూస్తున్న మైకేల్ జోర్డానే. ఆ ఆటను ఆయన కంటే ఎరిగినవాళ్లు ఎవరుంటారు? అయినా మొదటి వంతు కుర్రాడి మీద పెట్టుకున్న ఆశలు తీరలేదు. గొప్పగా ఆడటం ఒక విద్య, ఆడబోయేవాణ్ణి పసిగట్టడం పూర్తిగా వేరే విద్య.

2014లో 41వ వంతులో సెర్బియా కుర్రాడు నికోలా యోకిచ్ పేరు చదివారు. ఆ సమయంలో అమెరికా టీవీలో ఏదో తినుబండారాల ప్రకటన నడుస్తోంది. పేరు తెరమీద అడుగున అట్లా పోయింది. ఒళ్లు కాస్త మెత్తగా ఉండే మనిషి, పెద్దగా ఎగరలేడు. తర్వాత అతను మూడుసార్లు అత్యుత్తమ ఆటగాడయ్యాడు, 2023లో డెన్వర్‌కు మొదటి టైటిల్ తెచ్చాడు. బంతి చేతికి రాకముందే దాన్ని ఎవరికి అందించాలో అతనికి తెలుస్తుంది. అతని గొప్పతనమంతా అక్కడుంది. దాన్ని కొలిచే టేపు ఇంతవరకు తయారు కాలేదు.

క్వామే బ్రౌన్ లాంటి హైస్కూలు పిల్లలను కొన్నేళ్లు తీసుకున్నాక 2005లో లీగూ ఆటగాళ్ల సంఘమూ కూర్చుని ఒక వయసు నియమం పెట్టుకున్నాయి. పందొమ్మిదేళ్లు రావాలి, తోటివాళ్లు హైస్కూలు దాటి ఏడాది గడవాలి, అప్పుడే డ్రాఫ్ట్‌కు అర్హత. హైస్కూలు నుంచే వచ్చి గొప్పవాళ్లయిన కెవిన్ గార్నెట్, కోబీ బ్రయంట్, లెబ్రాన్ జేమ్స్ లాంటివాళ్లు ఉన్నారన్నది నిజమే. అయినా ఇంకో ఏడాది ఆగి చూద్దామని వ్యాపారస్తులే అనుకున్నారు.

ఇన్ని పేర్లు చెప్పింది ఒక సంగతి కోసం. అక్కడ అంచనా తప్పితే నష్టం ప్రధానంగా జట్టుది. మొదటి రౌండులో ఎంపికైన కుర్రాడికి తొలి రెండేళ్ల జీతం ఖాయం. ఆడినా, మోకాలు విరిగి మంచమెక్కినా ఇచ్చి తీరాలి. క్వామే బ్రౌన్ పన్నెండు సీజన్లు ఆడాడు, సంపాదించుకున్నాడు. వాషింగ్టన్ అభిమానులకు బాధ మిగిలిందేమో గానీ ఆ పిల్లవాడి ఇల్లు కూలిపోలేదు.

రెండో రౌండుకు ఆ హామీ లేదు. పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లె నుంచి వెళ్లిన సత్నామ్ సింగ్ సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఏడడుగులు దాటిన ఎత్తు. లూధియానా అకాడమీలో ఆట నేర్చుకున్నాడు. 2010లో, పద్నాలుగేళ్ల వయసులో, ఇంగ్లీషు సరిగ్గా రాకుండానే ఫ్లోరిడా వెళ్లాడు. 2015లో డల్లాస్ జట్టు 52వ వంతులో తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడు. దేశం పండగ చేసుకుంది. కానీ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాలేదు. కింది లీగ్‌లో రెండేళ్లు ఆడి తిరిగొచ్చాడు, తర్వాత అమెరికాలోనే వృత్తి కుస్తీలోకి వెళ్లాడు. మనం అతని ఎత్తు చూసి పంపాం. అంతకు మించి ఏం చూశామో మనమే చెప్పుకోవాలి.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. గొంగడి త్రిష 2005 డిసెంబరులో భద్రాచలంలో పుట్టింది. వాళ్ల నాన్న రామిరెడ్డి గారు హాకీ ఆడినవారు. నడుపుకుంటున్న జిమ్ అమ్మి, పొలం అమ్మి, కూతురి క్రికెట్ కోసం సికింద్రాబాద్ చేరారు. 2023 జనవరిలో దక్షిణాఫ్రికాలో జరిగిన మొదటి అండర్-19 మహిళల ప్రపంచకప్ మనవాళ్లు గెలిచినప్పుడు ఆ జట్టులో త్రిష ఉంది. 2025లో కౌలాలంపూర్‌లో మళ్లీ గెలిచినప్పుడు టోర్నీ మొత్తానికి ఉత్తమ క్రీడాకారిణి ఆమే: 309 పరుగులు, 7 వికెట్లు. జనవరి 28న స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 కొట్టి అజేయంగా నిలిచింది. ఆ ప్రపంచకప్ చరిత్రలో అదే మొదటి సెంచరీ.

ఆ రోజు త్రిషతో కలిసి ఇన్నింగ్స్ మొదలుపెట్టింది తమిళనాడు అమ్మాయి కమలిని. ఇద్దరూ కలిసి మొదటి వికెట్‌కు 147 పరుగులు చేశారు. నెలన్నర ముందు బెంగళూరులో జరిగిన మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో పదహారేళ్ల కమలినిని ముంబై జట్టు 1.60 కోట్లకు తీసుకుంది. ప్రపంచకప్ ఫైనల్ ముగిసి రెండు వారాలు తిరక్కుండానే ఆ లీగ్ మొదలైతే త్రిషకు అందులో ఏ జట్టూ లేదు. పిచ్‌కు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. కమలిని మంచి ఆటగత్తె, ఆమెకు వచ్చింది ఆమెకు రావాల్సిందే. నేను అడిగేది త్రిష గురించి. 2025 నవంబరు వేలంలో గానీ యూపీ జట్టు ఆమెను 10 లక్షలకు తీసుకోలేదు.

ప్రపంచకప్ గెలిచి వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం త్రిషకు కోటి రూపాయలు ప్రకటించింది. మంచి పని చేశారు. కానీ ఆ డబ్బు గెలుపు ఖాయమయ్యాక వచ్చింది. గెలుస్తుందో లేదో ఎవరికీ తెలియని ఆ పదిహేనేళ్లు పందెం కాసింది ఒక తండ్రి. కాసింది తన పొలం. ఆ అమ్మాయికి పదిహేనో ఏట భుజం జారి ఉంటే ఏమయ్యేది? ఆ ప్రశ్న వేసుకోకుండా త్రిష కథను పిల్లలకు స్ఫూర్తిగా చెప్పడం నాకు ఇష్టం లేదు. అమ్మడానికి పొలమూ జిమ్మూ లేని కోయ తండ్రి సంగతేమిటి?

అక్కడే మన ప్రభుత్వ క్రీడా పాఠశాలలు రావాలి, వచ్చాయి కూడా. హకీంపేట ఉంది, ఇటు మనకు దగ్గర్లో కిన్నెరసాని ఉంది. ఖర్చంతా సర్కారుదే. అవి లేకపోతే ఈ అడవి అంచు పిల్లలకు ఆటల దారే ఉండదు. అందుకే అక్కడి ఎంపిక గురించి మరింత గట్టిగా మాట్లాడాలి.

హకీంపేటకు నాలుగో తరగతిలో తీసుకుంటారు. అంటే ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు. ముందు మండలంలో, తర్వాత జిల్లాలో, చివరికి రాష్ట్రస్థాయిలో సెలెక్షన్లు. ఎత్తు, బరువు చూస్తారు. 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, నిలబడి ముందుకు దూకడం, నిలబడి పైకి ఎగరడం, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, ఒళ్లు వంచడం, 800 మీటర్ల పరుగు. ప్రతిదానికీ మార్కులు, మార్కులు కూడి జాబితా. పైరవీలకు తావు తక్కువ కనుక ఈ పద్ధతిని నేను గౌరవిస్తాను.

కానీ మైదానంలోకి వెళ్లి చూడండి. గీత దగ్గర మాస్టారొకరు చేతిలో స్టాప్‌వాచ్‌తో నిలబడి ఉంటారు. పిల్ల గీత దాటినప్పుడు బొటనవేలు నొక్కాలి. అథ్లెటిక్స్‌లో వంద మీటర్ల చేతి టైమును ఎలక్ట్రానిక్ టైముతో పోల్చాల్సి వస్తే 0.24 సెకను కలిపి చూస్తారు. నొక్కే వేలికీ పరిగెత్తే కాలికీ మధ్య అంత తేడా ఉంటుందని ప్రపంచమే ఒప్పుకుంది. ముప్పై మీటర్ల పరుగులో ఆ పావు సెకను తక్కువేమీ కాదు. ఆ పిల్ల తెల్లవారుజామున ఏ గుంపు నుంచో బయల్దేరి ఆటోలో వచ్చింది. పొద్దున తిన్నదీ లేనిదీ తెలియదు. 800 మీటర్లు ఎప్పుడూ గడియారం పెట్టుకుని పరిగెత్తి ఉండదు కాబట్టి మొదటి చుట్టు శక్తికొద్దీ పరిగెత్తి రెండో చుట్టులో చతికిలబడింది. దాన్ని దమ్ము లేకపోవడం అందామా, ఎవరూ నేర్పకపోవడం అందామా? కాగితంమీద రెండింటికీ ఒకటే మార్కు.

పుట్టిన తేదీ సంగతి ఇంకా పెద్దది. మన బడుల అడ్మిషన్ రిజిస్టర్లు తీసి చూడండి, జూన్‌లో పుట్టినవాళ్లు ఎంతమంది కనిపిస్తారో. బడిలో వేసేనాటికి అయిదేళ్లు నిండినట్టు ఉండాలి కాబట్టి హెడ్మాస్టరు గారు రాసుకున్న జూన్ అది. ఆ పిల్లవాడికి నిజంగా ఏడాది ఎక్కువే ఉండొచ్చు, తక్కువే ఉండొచ్చు. తొమ్మిదేళ్ల వయసులో ఏడాది తేడా అంటే ఎత్తులో, బలంలో కొట్టొచ్చినట్టు కనిపించే తేడా. కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టినరోజులను రోజర్ బార్న్‌స్లీ అనే శాస్త్రవేత్త 1985లో లెక్కతీస్తే, ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా తేలారు. అక్కడ వయసు జనవరి 1 నుంచి లెక్క. జనవరిలో పుట్టినవాడు డిసెంబరులో పుట్టినవాడికంటే దాదాపు ఏడాది పెద్ద. పెద్దవాడు చురుగ్గా కనిపిస్తాడు, జట్టులోకి వస్తాడు, మంచి కోచ్ దొరుకుతాడు, నిజంగానే మంచి ఆటగాడవుతాడు. చిన్నవాడు ఇంటికి పోతాడు. ఆ లెక్క తేదీలు సరిగ్గా ఉన్న దేశానిది. తేదీలే అనుమానంగా ఉన్న మనచోట ఎంత జరుగుతుందో ఊహించండి. క్రికెట్ బోర్డు కుర్రాళ్ల మణికట్టుకు ఎక్స్‌రే తీయించి ఎముక వయసు చూస్తుంది. నాలుగో తరగతి సెలెక్షన్లలో మనకు ఆ సౌకర్యం ఏదీ?

వయసు సరిగ్గా తెలిసినా చిక్కు తీరదు. ఆడపిల్లలు సుమారు పన్నెండో ఏట, మగపిల్లలు పద్నాలుగో ఏట ఒక్కసారిగా సాగుతారు. కొందరు రెండేళ్లు ముందు, కొందరు రెండేళ్లు వెనక. తిండి చాలని ఇళ్లల్లో ఇంకా వెనక. తొమ్మిదేళ్లప్పుడు పొట్టిగా, సన్నగా ఉన్న పిల్ల పదిహేనేళ్లకు ఎట్లా ఉంటుందో ఆ రోజు టేపు చెప్పదు.

ఈ సభలో పామాయిల్ రైతులు చాలామంది ఉన్నారు. అప్పారావుపేట ఫ్యాక్టరీకి గెలలు తోలే మీకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు. నర్సరీలో మొక్కలన్నీ ఒకే పచ్చగా, ఒకే ఏపుగా ఉంటాయి. అందులో జాతి తప్పిన మొక్క, అదే ఆఫ్‌టైప్ మొక్క, ఏదో కళ్లతో చూసి చెప్పలేం. తెచ్చి నాటి, డ్రిప్పు వేసి, ఎరువు పెట్టి, మూడు నాలుగేళ్లు సాకి, గెల వేశాక గానీ తెలియదు. అప్పటికి ఆ నాలుగేళ్ల నష్టం ఎవరిది? మొక్క ఇచ్చినవాళ్లది కావాలని మీరు అడుగుతారు, అడగాలి కూడా. పిల్లల విషయంలో మాత్రం ఆ మాట అడిగినవాళ్లను నేను చూడలేదు.

ఎందుకంటే వెనక్కి వచ్చిన పిల్లలు మనకు కనిపించరు. నాకు తెలిసిన ఒక కుర్రాడున్నాడు. ఊరు చెప్పను, బడి చెప్పను. చిన్నప్పుడే సెలెక్టయి వెళ్లాడు. ఊరంతా ఊరేగించినంత పని చేసింది. ఎనిమిదో తరగతిలో మోకాలు వాచింది. కొన్నాళ్లు చూశారు, ఎదుగుదల లేదని రాసి పంపేశారు. తిరిగొచ్చేసరికి అంతకుముందు గురుకులంలో వచ్చిన సీటు ఎప్పుడో పోయింది. స్కానింగ్ తీయించే స్తోమత ఇంట్లో లేదు. చదువులో వెనకబడ్డాడు. అన్నిటికన్నా అవమానం భరించలేకపోయాడు. పంపినప్పుడు దండలు వేసిన పెద్దలు తిరిగొచ్చినప్పుడు "ఏమైందిరా" అని కూడా అడగలేదు. ఆ కుర్రాడు ఏ తప్పూ చేయలేదు. అంచనా వేసింది మనం, తప్పింది మన అంచనా. శిక్ష అతనికి పడింది.

ఇట్లా కాకుండా చేయడం సాధ్యమేనా అంటే, సాధ్యమేనని మన కళ్లముందే రుజువైంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్‌లను తలుచుకోండి. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణది నిజామాబాద్ వైపు, ఆనంద్ మన భద్రాచలం అవతల చర్ల మండలం పిల్లవాడు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. వాళ్లను ఒక్క పూటలో ఎంచలేదు. ముందు చాలామంది పిల్లలను భువనగిరి గుట్ట ఎక్కించారు. అందులో కొందరిని డార్జిలింగ్ పంపారు. వాళ్లలో కొందరిని లద్దాఖ్ చలిలోకి తీసుకెళ్లారు. నెలల తరబడి చూశారు. ఎవరు ఎంత త్వరగా ఎక్కుతున్నారన్నదే కాదు, గాలి పలచబడినప్పుడు ఎట్లా ఉంటున్నారు, భయపడ్డాక మళ్లీ తాడు పట్టుకుంటున్నారా లేదా చూశారు. మిగిలిన పిల్లలు గురుకులంలో తమ చదువు తాము చదువుకున్నారు. అక్కడ ఎంపిక కాకపోవడమంటే ఒక కొండ ఎక్కకపోవడం, అంతే.

మాస్టారి పద్ధతి ఇదే దారిలో ఉండేది. ఆయన ఒక్కరోజు టైము నమ్మేవారు కాదు. అన్నం తినిపించి, మర్నాడు మళ్లీ పరిగెత్తించేవారు. ఇద్దరి చేతుల్లో రెండు వాచీలు పెట్టి, రెండు టైములూ రాసేవారు. కబడ్డీ ఆడుతుంటే ఆయన చూపు కూత పెట్టేవాడి మీద కాకుండా అవుటై బయట కూర్చున్నవాడి మీద ఉండేది. "ఆట చూస్తున్నాడా, మట్టిలో గీతలు గీస్తున్నాడా చూడవయ్యా" అనేవారు నాతో. బయట కూర్చుని కూడా ఆటలోనే ఉన్న పిల్లవాడి పేరు పక్కన చిన్న చుక్క పెట్టుకునేవారు. ఆ నోటుబుక్కులు వాళ్లబ్బాయి దగ్గర ఇప్పటికీ ఉన్నాయి, మొన్న నాకు చూపించారు. ఒక పేజీలో ఒక ఆడపిల్ల పేరు దగ్గర టైము, దూకిన దూరం, కింద "చెప్పులు లేవు, రాళ్ల నేల, మళ్లీ చూడాలి" అని ఉంది. యోకిచ్‌ను 41వ వంతు దాకా వదిలేసిన అన్ని జట్ల పరిశీలకులకూ ఆ చుక్క పెట్టే అలవాటు ఉంటే బాగుండేది.

పెద్ద ఆటగాళ్ల మీద పందెమే నిలవనప్పుడు పిల్లల సంగతి చెప్పాలా? 2022లో ప్రొ కబడ్డీ వేలంలో పవన్ సెహ్రావత్‌ను తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు కొన్నది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్ మొత్తం పోయింది. మరుసటి ఏడు మన తెలుగు టైటాన్స్ అంతకంటే ఎక్కువ పెట్టి అతన్ని తీసుకుంది. వెనక వైద్యం ఉంది, డబ్బుంది, మళ్లీ నమ్మే మనుషులున్నారు. నేను కోరేది మన పిల్లలకు ఆ మూడింట్లో కొద్దికొద్దిగా.

ఇక కమిటీవారికి నా మనవి. మాస్టారి నిధి వడ్డీతో ఏటా వర్ధంతికి ఆటల పోటీలు పెట్టి గెలిచినవాళ్లకు నగదు బహుమతులు ఇస్తున్నారు. గెలిచినవాళ్లకు కప్పు, దండ, పేపర్లో ఫొటో చాలు. ఆ వడ్డీని క్రీడా పాఠశాలల నుంచి, అకాడమీల నుంచి తిరిగొచ్చిన మన మండలం పిల్లలకు మళ్లించండి. మోకాలి స్కానింగుకు, ఖమ్మం ఆస్పత్రికి వెళ్లిరావడానికి, ఒక ఏడాది ట్యూషను ఫీజుకు. ఏటా అట్లాంటి పిల్లలు కొద్దిమందే ఉంటారు. వడ్డీ సరిపోతుంది.

రెండోది, వ్యాయామ ఉపాధ్యాయ మిత్రులకు. నాలుగో తరగతి సెలెక్షన్లలో కొద్దిలో తప్పిపోయినవాళ్ల పేర్లు పారేయకండి. ఒక రిజిస్టరులో రాసి ఉంచండి. మళ్లీ ఏడో తరగతిలో, తొమ్మిదిలో వాళ్లను పరిగెత్తించండి. కబడ్డీకి, విలువిద్యకు, వాలీబాల్‌కు, అవకాశం ఉన్నచోట బాస్కెట్‌బాల్‌కు ఆ వయసేమీ మించిపోయింది కాదు. పుట్టిన తేదీ దగ్గర జూన్ ఉంటే తల్లిని పిలిచి ఏ పండగకు ముందు పుట్టాడో, ఏ వానలకు పుట్టాడో అడిగి పక్కన రాసుకోండి. ఆ తల్లికి తప్పకుండా గుర్తుంటుంది.

మూడోది, గురుకులాల ప్రిన్సిపాళ్లకు. క్రీడా పాఠశాలకు వెళ్లిన పిల్లల సీటు రెండేళ్లయినా వాళ్ల పేరున ఉంచేట్టు పైవాళ్లకు రాయండి. సంతకాలు పెట్టడానికి ఈ సభలో ఉన్న సర్పంచులూ తల్లిదండ్రులూ సిద్ధంగా ఉన్నారు, పొద్దుననే అడిగాను. అర్జీ నకలు నా దగ్గరుంది. భోజనాలయ్యాక ఈ బల్ల దగ్గరే ఉంటాను, చదివి సంతకం పెట్టి వెళ్లండి. వచ్చే వేసవి సెలెక్షన్లకు ముందే ఇది భద్రాచలం ఐటీడీఏకు చేరాలి.